రోషం తెప్పించే మనిషి

నా బిడ్డ పోయింది. ఈ ఏడు వేరుశనగ కలుపులు మొదలవకముందే పోయింది. కళ్ళు పచ్చగా ఉన్నాయని ఎవరో అంటే ఎండకేమో అనుకున్నాం. కామెర్లని తెలిసి, పసరు తాగించి, పథ్యం పెట్టి, చివరికి అనంతపురం ఆసుపత్రిలో చేర్చేసరికి చేయి దాటిపోయింది. ఒక మధ్యాహ్నం అందరూ క్యారియర్లు విప్పుకుని అన్నం తినే వేళ, నేను ఆమె పాదాలు పట్టుకుని ఉండగానే పోయింది.

శింగనమల చుట్టుపక్కల ఊళ్ళలో కలుపుకు, కోతకు వెళ్ళే ఆడవాళ్ళందరికీ ఆమె తెలుసు. తెలియనివాళ్ళకు చెప్పాలని రాస్తున్నాను. చదువు తక్కువదాన్ని. నోటితో చెప్పినట్టే రాస్తాను.

ఆమెను తెచ్చి మట్టిలో పెట్టిన రోజు నుంచి ఇంటికి వచ్చినవాళ్ళంతా నాకు ఒకటే చెప్పారు. నిదానించుకో. గుండె చల్లబరుచుకో. కాస్త తగ్గించుకో తల్లీ. పాపం, వాళ్ళు మంచికే అన్నారు. కానీ నేను అరవలేదు, తల బాదుకోలేదు. గోడకు వీపు ఆనించి కూర్చున్నాను, అంతే. కాఫీ ఇస్తే తాగాను. పడుకోమంటే పడుకున్నాను. చల్లబరచడానికి నాలో వేడి ఎక్కడుంది? ఆరిపోయిన పొయ్యి మీద అందరూ నీళ్ళు చల్లి పోతున్నట్టు అనిపించింది.

నా బిడ్డ అయితే ఆ మాటలు అనేది కాదు. 'తగ్గు' అనే మాట ఆమె ఎవరితోనూ అనగా నేను వినలేదు. దానికి ఎదురు మాటలే ఆమెకు వచ్చు. లెయ్. రోషం లేదా? చేతులు పడిపోయినాయా? చూస్తా ఊరుకుంటావా? ఇవే ఆమె మాటలు. కొందరికి నచ్చేవి కావు. కానీ ఆ మాటల మీదే మా జట్లు నడిచేవి.

ఎట్లా నడిచేవో చెబుతాను. మేము కలుపుకు ఆటోలో పోతాం. చేనులో దిగాక ఆడవాళ్ళం రెండు జట్లుగా విడిపోయి తలా ఒక సాలు పట్టుకుంటాం. ఒక్కో జట్టుకు ఒక ముందు మనిషి ఉంటుంది. ఆ మనిషి తన సాలు తాను తీస్తూనే ఎదుటి జట్టును మాటలతో పొడవాలి. పొడిస్తే వాళ్ళకు రోషం వస్తుంది, చేయి జోరందుకుంటుంది. వాళ్ళు తిరిగి పొడిస్తే మాకు రోషం వస్తుంది. ఎర్రటి ఎండలో, నీడ లేని చేనులో, నడుము విరిగే పనిని అట్లా నవ్వుకుంటూ తిట్టుకుంటూ లాగించేస్తాం. మా జట్టుకు నా బిడ్డ ముందు మనిషి. ఎదుటి జట్టుకు మా వీధి చివరింటి కోడలు. నన్ను అత్తా అని పిలుస్తుంది.

నా బిడ్డ తలకు తువ్వాలు చుట్టుకుని మొదలుపెట్టేది. "ఏమ్మే, మీ జట్టుకు చేతులుండాయా, ఉత్త గాజులే వచ్చినాయా? మీ సాల్లో కలుపు మిమ్మల్ని చూసి నగుతాండాది!"

చివరింటి కోడలు తలెత్తకుండానే అనేది, "మా కలుపు నగుతాది. మీ కలుపు నిద్రపోతాండాది, ఎవురూ ముట్టుకోలేదని!"

"మీరు పీకేలోపల చెనక్కాయ కాసి, ఎండి, మిల్లుకు పోతాది లే!"

నన్ను కూడా వదిలేది కాదు. నేను మొదటినుంచీ నిదానం మనిషిని. ఒకసారి నా సాలు బాగా వెనకబడింది. ఆమె అక్కడినుంచే అరిచింది. "ఏమమ్మా, ఆ మొక్కను పీకుతాండావా, పూజ చేస్తాండావా?"

"నోరు మూసుకోయే, నిన్ను కన్నదాన్ని నేను," అన్నాను.

"కనేటప్పుడు గూడా ఇంతే నిదానమా? అందుకేనా నేను ఇంత ఆత్రంగా పుట్టింది!"

రెండు జట్లూ కలుపు తీసే తొలికెలు కింద పడేసి నవ్వాయి. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో కలుపు ఎట్లా తీశానో తెలియదు, తల ఎత్తి చూస్తే గట్టు దగ్గర ఉన్నాను. ఆమె అప్పటికి నడి చేనులోనే ఉంది. కావాలనే ఆగిందని నాకు ఇప్పటికీ అనుమానం.

ఈ మాటలకు కట్టుబాటు ఉంది. పిల్లలు లేనిదాన్ని ఆ మాట అనకూడదు. మొగుడు వదిలేసినదాన్ని ఆ మాట అనకూడదు. గట్టు ఎక్కాక చేనులో మాట ఎత్తకూడదు. అన్నిటికంటే పెద్ద కట్టు ఇంకొకటి. చావు జరిగిన ఇంటి మనిషిని ఏడాది తిరిగేదాకా ఎవరూ ఒక్క మాట అనకూడదు. అంటే గింటే ఆ ఇంటి మనిషే ఆ ఇంటి మనిషిని అనాలి. ఇది ఎవరు పెట్టారో తెలియదు. మా అమ్మ చేనుకు పోయిన కాలంలోనూ ఉండేది.

నా బిడ్డ తప్పు చేయలేదని అనను. ఒకసారి కొత్తగా పెళ్ళై వచ్చిన పిల్లను, "మీ ఊర్లో తొలికె అంటే తినేదా?" అని అడిగింది. ఆ పిల్ల నవ్వలేదు, తిట్టలేదు. తల వంచుకుని పని చేస్తూ ఏడ్చింది, కన్నీళ్ళు మట్టిలో పడ్డాయి. నా బిడ్డ మధ్యాహ్నం తన ఊరిబిండి పచ్చడి అంతా ఆ పిల్ల గిన్నెలో వేసి, పక్కన కూర్చుని తిన్నది. ఇంటికొచ్చే ఆటోలో నాతో అన్నది, "రేగేవాళ్ళనే రేపాలమ్మా. ఏడ్చేవాళ్ళను రేపితే అది ఉత్త తిట్టు." ఆ తర్వాత ఎవరినైనా మొదటిసారి అనేముందు కాసేపు వాళ్ళ ముఖం చూసేది. నేను గమనించాను.

ఆటోలో ఎక్కగానే నిద్రపోయేది. పక్కన ఎవరుంటే వాళ్ళ భుజం మీద తల వాల్చేది. ఉదయం పోతూ ఎవరి భుజం మీద నిద్రపోయేదో చేనులో వాళ్ళనే మొదట పొడిచేది. "భుజం ఇస్తే ఇదా నాకు?" అని వాళ్ళు మొత్తుకునేవారు.

రాప్తాడు అవతల ఒక చేనులో రైతు తాగే నీళ్ళు పంపలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. మా అందరి నాలుకలూ ఎండిపోయాయి, అయినా ఎవరూ అడగడానికి ముందుకు రాలేదు. నా బిడ్డ లేచి నిలబడింది. మా వైపే తిరిగింది. "ఏం మనుషులే మీరు? ఎద్దుకు గూడా నీళ్ళు చూపించి గదా కాడికి కడతారు. మీకంటే ఎద్దు నయం, అది మొరాయిస్తాది." ఆ మాటకు ఒక్కొక్కరం లేచి గట్టు మీద కూర్చున్నాం. రైతు బండి మీద వచ్చాడు.

"ఏమప్పా ఇది! నిదానం తల్లీ, కొంచెం తగ్గు," అన్నాడు.

"తగ్గుతాన్నా. నోట్లో తడి లేకుండా యాడ తగ్గేది? మాటే మింగుడు పడలేదు. నీళ్ళు రానీ, నువ్వు ఎంత చెప్తే అంత తగ్గుతా."

ఆయనకు కూడా నవ్వు ఆగలేదు. క్యాన్లు తెచ్చాడు. అందరూ తాగాక చివరన తాగింది నా బిడ్డ. ఎప్పుడూ అంతే, తానే చివర.

ఇచ్చిన చోట పొసగక ఆమె నా దగ్గరికే వచ్చేసింది. ఆ సంగతి నాకూ ఆమెకూ మధ్యనే ఉండనివ్వండి. వచ్చాక వాళ్ళ నాయనకు కుడి చెయ్యి అయింది. ఆ తర్వాత ఆయన గుండె పట్టేసి పోయాడు. ఆ రోజుల్లో జరిగిన ఒక సంగతి చెప్పకుండా ఆమెను గురించి ఏమి రాసినా కుదరదు.

అప్పుడు కూడా నేను ఇట్లాగే గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఏడుపు రాలేదు, ఆకలి లేదు. చుట్టాలు వచ్చి మెత్తని మాటలు చెప్పిపోయారు. నా బిడ్డ కొన్నాళ్ళు చూసింది. కంచం పెడితే నేను ముట్టను, ఆమె తీసేది. ఒకరోజు పక్కింటామె కూర్చుని ఉండగా, కంచం నా ముందు పెట్టి చేతులు కడుక్కుంటూ అన్నది.

"ఒక మాట అడుగుతామ్మా. నీ సంగటి నాయనకు ఎప్పుడన్నా నచ్చిందా?"

నేను తల ఎత్తాను.

"ఉండలు ఉండలుగా ఉంటాది గదా. పాపం, నోరు లేని మనిషి. ఇన్నేండ్లూ ఎట్ల మింగినాడో."

పక్కింటామె చెంపలు వేసుకుంది. "ఏందే ఆ మాటలు, చావింట్లో! అమ్మ మొగం చూసైనా అంటావా?"

"ఏమన్నావే?" అన్నాను నేను.

"ఉండే మాటే అన్న్యా. నాతో చెప్పినాడు గూడా."

ఎట్లా లేచానో నాకు తెలియదు. సంగటి కెలికే కట్టె చేతికి అందింది. "నా సంగటి కోసం చేను నుంచి పొద్దుండగానే వచ్చేవాడే ఆ మనిషి! నా సంగటి తిని నువ్వు ఇంత అయినావు!" అని అరుస్తూ ఇంటి చుట్టూ తరిమాను. ఆమె దొరక్కుండా పరిగెత్తుతూ, "అయితే చేసి చూపియ్! చేసి చూపియ్ చూద్దాం!" అంది. నేను పొయ్యి వెలిగించాను. నీళ్ళు మరగబెట్టి, బియ్యం ఉడికించి, రాగిపిండి పోసి, కట్టె రెండు చేతులా పట్టుకుని కెలికాను. ఒక్క ఉండ లేదు. ముద్ద చేసి ఆమె కంచంలో పడేశాను. ఆమె తిన్నది. నేనూ తిన్నాను. తింటూ తింటూ ఏడుపు వచ్చింది. ఆయన పోయాక అదే మొదటిసారి. గుండె పగిలేటట్టు ఏడ్చాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేయలేదు. "ఉప్పు తక్కువ," అంది.

చాలా రోజుల తర్వాత అడిగాను, నాయన నిజంగా అట్లా అన్నాడా అని. "నాయన నీ సంగటి తప్ప ఇంకేదీ పొగడలేదమ్మా. ఆ మాట చెప్పింటే నువ్వు కండ్లు తుడుచుకోని మళ్ళీ పండుకునేదానివి," అంది. పక్కింటామె మాత్రం నా బిడ్డను ఆ మాటకు చివరిదాకా క్షమించలేదు.

నేను మళ్ళీ కలుపుకు పోయిన రోజు రెండు జట్లూ కట్టు పాటించాయి. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నా బిడ్డ ఒక్కతే అనేది. ఎవరైనా కళ్ళెర్ర చేస్తే, "నేను గూడా ఆ ఇంటిదాన్నే. నాకు చెల్లుతాది," అనేది. ఆ ఏడాదంతా నన్ను నడిపించింది ఆమె మాటలే.

ఆసుపత్రిలో నేనూ ఒకసారి ప్రయత్నించాను. ఆమె కళ్ళు తెరవడం మానేసింది. విశ్రాంతిగా ఉండనివ్వండి, ఎక్కువ మాట్లాడించవద్దు అన్నారు డాక్టర్లు. ఆ నిశ్శబ్దానికి నాకు భయమేసింది. ఆమె చెవి దగ్గరికి వంగాను. "ఏమే, పండుకున్నావా? వాన పడితే చేనుల్లో కలుపు మోకాటెత్తు వస్తాది. ఆ చివరింటి కోడలు ఒక్కతే అందరినీ గెలిచేస్తాది. నీకు సిగ్గు లేదా?" అన్నాను. నా గొంతు నాకే తెలియలేదు, ఆ మాటలు తిట్టులాగా లేవు, బతిమాలినట్టు ఉన్నాయి. ఆమె ఒక కన్ను కొంచెం తెరిచింది. పసుపుపచ్చగా ఉంది కన్ను. పెదాలు కదిలాయి.

"నీకు తిట్టేది రాదమ్మా," అంది.

మళ్ళీ మాట్లాడలేదు.

దినాలు అయ్యాక నా చెల్లెలు ఆగింది. లేపాక్షి దగ్గర పల్లెలో ఉంటుంది. "నాతో వచ్చేయక్కా. ఈడ ఒక్కదానివే గోడను చూసుకుంటా ఏం చేస్తావు? నువ్వు లేచి నీ పని చేసుకుంటావంటే సరే, నేను బలవంతం చెయ్యను. లేవలేనంటే మాత్రం, ఇంటికి తాళం పెట్టి తీసకపోతా," అంది. కలుపులు అయ్యేదాకా చూద్దామని చెప్పి వెళ్ళింది. ఆమె చెప్పింది న్యాయమే. లేవగలనా లేదా, అదే నాకూ తెలియాలి. లేవలేకపోతే ఈ ఇంట్లో మా ముగ్గురి జాడా ఉండదు.

వాన ఒకటి పడి చేనుల్లో కలుపు పచ్చగా లేచింది. ఒక ఉదయం చివరింటి కోడలు గడప బయట నిలబడి, "అత్తా, ఆటో వస్తాండాది. రాగలుగుతావా?" అని మెల్లగా అడిగింది. ఆమె అట్లా మెల్లగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. తొలికె తీసుకుని వెళ్ళి ఎక్కాను. నాకు మూలన మంచి చోటు ఇచ్చారు. భుజం మీద తల వాల్చేవాళ్ళు లేక ఆటోలో అందరూ నిటారుగా కూర్చున్నారు.

దారిలో ఆమెను అడిగాను. "అమ్మీ, ఈ పొద్దు నన్ను గూడా అను. ఊరికే ఇడవద్దు."

"అనకూడదు అత్తా. ఏడాది తిరగనీ."

"నా బిడ్డ అప్పుడు అనలేదా?"

"ఆ యమ్మ మీ ఇంటి మనిషి కాబట్టి చెల్లింది. ఇంక మీ ఇంట్లో అనేదానికి ఎవురుండా..." అని నాలుక కరుచుకుంది. రోడ్డు వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆమె మోకాలి మీద చెయ్యి వేశాను. ఆమె అన్నది నిజమే. ఆ ఇంటి మనిషిగా నేనొక్కదాన్నే మిగిలాను.

చేనులో దిగాం. రెండు జట్లు అయ్యాం. మా జట్టుకు ముందు మనిషిగా ఒకప్పుడు మట్టిలో కన్నీళ్ళు రాల్చిన ఆ పిల్లే నిలబడింది. ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. తలకు తువ్వాలు చుట్టుకుంది. కాసేపటికి, "ఏమక్కా, మీ సాళ్ళు అట్లే ఉండాయి, దిష్టికి పెట్టుకున్నారా?" అంది. అవతలి నుంచి జవాబు వచ్చింది. మెల్లగా చేను వేడెక్కింది. మాట ఒక్కో సాలు దాటుకుంటూ వచ్చేది. ఈమెను అనేవారు, ఆమెను అనేవారు, నా దగ్గరికి వచ్చేసరికి ఆగేది. నా అవతలి సాలులో మళ్ళీ మొదలయ్యేది. నా మీదుగా ఎవరి నవ్వూ పోలేదు. నేను ఎంత నిదానంగా తీసినా ఎవరూ చూడనట్టే ఉన్నారు.

వెనకబడ్డాను. చాలా వెనకబడ్డాను. ఒక మొక్క ముందు కూర్చుని ఎంతసేపు ఉన్నానో తెలియదు. నాకు కోపం రావాలని చూశాను, రాలేదు. సిగ్గు రావాలని చూశాను, అదీ రాలేదు. చెల్లెలితో పోయేదే మేలు అనుకున్నాను. బట్టలు ఏ సంచిలో సర్దుకోవాలో కూడా ఆలోచించాను.

తల ఎత్తితే అందరూ గట్టు చేరారు. కానీ కూర్చోలేదు. నా సాలు అవతలి కొస నుంచి కొందరు దిగి, నా కలుపు తీసుకుంటూ నా వైపు వస్తున్నారు. తలలు వంచుకుని, చప్పుడు చేయకుండా, చావు ఇంట్లో అంట్లు తోమేవాళ్ళ లాగా. అందరికంటే ముందు చివరింటి కోడలు. నా సాలు కరిగిపోతూ వస్తోంది. ఇంకొంచెం అయితే నేను తీయడానికి ఏమీ మిగలదు.

కడుపులో ఎక్కడో భగ్గుమంది.

"ఎవురే నా సాల్లో దిగింది?" అన్నాను.

ఎవరికీ వినపడలేదు. లేచి నిలబడ్డాను. తొలికె పిడికిలిలో గట్టిగా ఉంది.

"మిమ్మల్నే! ఎవురు దిగమన్న్యారు నా సాల్లో? నేను చచ్చిపోయినానా? నా చేతులు ఎవురన్నా నరికి తీసకపోయినారా? మీరు తీసిన సాళ్ళు చూసుకోండి ఫస్టు! సగం వేర్లు లోపలే ఉండాయి, రేపు వానకు మళ్ళా లేస్తాయి! గట్టెక్కండి! ఎక్కండి అంట్యా!"

చేనంతా నా గొంతే. నాకు తెలిసిన గొంతు కాదు అది. చెవులు వేడెక్కాయి. ఇక ఎవరో ఒకరు తిరిగి అంటారని ఎదురుచూశాను. అనాలి కదా. అంత మాట అన్నాక ఎదుటి జట్టు ఊరుకోకూడదు కదా.

ఎవరూ అనలేదు. కట్టు ఉంది వాళ్ళకు.

సాయంత్రం చెల్లెలికి ఫోన్ చేసి రావద్దన్నాను, ఇక్కడే ఉంటానన్నాను. "ఎవురుండారక్కా నీకు ఆడ?" అంది. రేపు కూడా కలుపుకు పోవాలని చెప్పి ఫోన్ పెట్టేశాను. అప్పటికింకా నా కళ్ళ ముందు ఆ చేనే ఉంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే చీరలు ఎత్తి పట్టుకుని, వేరుశనగ మొక్క తొక్కకుండా, నా సాలులోంచి బయటికి అడుగులు వేస్తున్నారు. చివరింటి కోడలు ఒక్కతే ఆగింది. అప్పుడే పీకిన నా కలుపు మొక్క ఆమె చేతిలో ఉంది, వేరుకు తడి మన్ను అంటుకుని. ఆ మొక్కను ఎక్కడ పడేయాలో తెలియక అట్లే పట్టుకుని నిలబడింది. నేను వంగి, మిగిలిన సాలు మొదలుపెట్టాను.